ఒప్పుకోని దెబ్బ

జపాన్‌లోని సాదో దీవి పడమటి ఒడ్డున, మంచువానలో బస్సు తప్పిపోయి నడుస్తుంటే ఒక బుల్లి ట్రక్కు పక్కన ఆగింది.

"ఈ గాలికి సముద్రంలో పడతారు పెద్దాయనా, ఎక్కండి! ఆ మూట ఒళ్లో పెట్టుకోండి. కంపు కొడుతుంది, ఏమీ అనుకోకండి."

మూటలో ఉన్నది కెండో అనే కత్తిసాముకి వేసుకునే కవచం: ముఖానికి కట్టే ఇనుప జాలీ, చేతి తొడుగులు, ఏళ్ల తరబడి ఇంకిన చెమట. ట్రక్కు నడుపుతున్నాయన పేరు ఇసోబె. ఊళ్లో మంగలి. శనివారం సాయంత్రాలు బడి వ్యాయామశాలలో వెదురు కత్తి నేర్పుతాడు. తోవ తప్పడం నాకు అలవాటే. చూసిన మంచివన్నీ అలా చూసినవే. వెంట వెళ్లాను.

ఈ విద్య మీద పుస్తకాలు చాలానే చదివాను. మనసు నిశ్చలంగా ఉండాలంటాయి, చావుకి భయపడకూడదంటాయి. సాధనలో తీర్పు చెప్పేవాడు ఉండడన్న సంగతి మాత్రం ఎక్కడో అడుగున ఒక ముక్క రాసి వదిలేస్తాయి. దెబ్బ సరిగ్గా తగిలితే, తిన్నవాడే ఆగి "ఓడాను" అనాలి. విద్యంతా ఆ నోటి మీదే నడుస్తుంది. ఇంకో పద్ధతీ ఉంది: చిన్నవాళ్లకు చెయ్యి కుదరాలని పెద్దవాళ్లు కావాలనే సందు ఇచ్చి కొట్టించుకుంటారు.

ఆ సాయంత్రం ఇసోబె ఎదుట నుమాతా నిలబడింది. రేవులో చేపలు ఎండబెట్టే మనిషి. పిల్లలు పెద్దయ్యాక కత్తి పట్టింది. మర్నాడు సముద్రం అవతల నిగాతా పట్నంలో ఆవిడకు కెండో పరీక్ష.

ఇద్దరూ కాసేపు కదల్లేదు. ఆపైన ఆవిడ అరుపూ, ఆయన నెత్తిమీద చప్పుడూ ఒక్కసారే వినిపించాయి. ఇసోబె కత్తి ఇంకా సగం కూడా లేవలేదు.

గోడవారన కూర్చున్నవాళ్లందరూ ఆయన వైపే చూశారు.

"ఆఁ... సందు ఇచ్చాను కదా, బాగానే పట్టుకున్నావు," అన్నాడు ఇసోబె.

"గురువుగారి భిక్షమా, నుమాతా! నిజమేననుకుని నేనిక్కడ చప్పట్లు కొట్టబోయాను," అన్నాడు ఐసు లారీ నడిపే ఒబాతా. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

సాధన ముగిశాక ఒక్కొక్కరే గురువు ముందు మోకాళ్ల మీద కూర్చుని తమ తప్పేమిటో అడుగుతారు. నుమాతా వంతు వచ్చింది.

"గురువుగారూ, రేపటికి ఏం దిద్దుకోమంటారు?"

ఇసోబె మెడ ఎర్రబడింది. "మోచెయ్యి... కొంచెం పైకి లేస్తోంది. దించు."

"అలాగేనండీ," అని నేలకి తల ఆనించి లేచింది.

ఆ దెబ్బలో దిద్దాల్సింది ఏమీ లేదని, చూడ్డం తప్ప మరేమీ చేతకాని నాకే తెలిసింది. ఆయన తలగుడ్డ మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. నా వైపు చూడలేదు.

మూల ఆవిడ ఒక్కతే కత్తి ఎత్తుతోంది, దించిన మోచేతితో. దెబ్బ వంకరగా పోయింది. ఇంకోటి వేసింది. అది ఇంకా వంకర.

"ఛీ, ఇదీ ఒక చెయ్యేనా!" అని తనని తనే తిట్టుకుని మళ్లీ ఎత్తింది.

"ఆపు!"

ఇసోబె గొంతుకి నేల తుడుస్తున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆయన గబగబా వెళ్లి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మోచెయ్యి ఎప్పటిలాగే ఉంచు. నేను సందు ఇవ్వలేదు. నీ కత్తి రావడం నాకు కనపడనే లేదు. ఓడాను."

ఆయన నుదురు నేలకి ఆనింది.

ఆవిడ కంగారుగా కత్తి పక్కన పెట్టి, తనూ కూర్చుని అంతకన్నా కిందికి వంగింది. "అయ్యో గురువుగారూ, లేవండి, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. ఇందాకా చూశారుగా."

ఎవరూ నవ్వలేదు. ఒబాతా తుడిచిన చోటే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

లేచాక ఇసోబె ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాడు. గుమ్మం దాటేముందు లోపలికి తిరిగి వంగాలి, అదీ మరిచిపోయాడు. నన్ను రేవు దగ్గర దింపుతానన్నాడు గాని, తన ట్రక్కు పక్కనుంచే తలవంచుకుని నడుచుకుంటూ మంచువానలోకి వెళ్లిపోయాడు. ఎవరికీ వెళ్లొస్తానని చెప్పలేదు.