డాక్టర్ వాలీ గలీ

దేశ రాజధాని అంచున వైశాలి మెట్రో దిగి, షేర్ ఆటోలో ముప్పావు గంట పోయి, కాలువ గట్టు దగ్గర నుంచి కిలోమీటరు నడిస్తే మా కాలనీ వచ్చేది. కాలనీ అంటే గోధుమ చేలో సున్నంతో గీసిన గీతలు. ప్రాపర్టీ డీలరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని "ఇక్కడ రోడ్డు, అక్కడ పార్కు, అదిగో స్కూలు" అని గాలిలోకి వేలు చూపించేవాడు. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా ఇరవై ఏళ్లు చేసి బయటికొచ్చిన నేను, కంటోన్మెంటు క్వార్టరు ఖాళీ చేసే రోజు ముంచుకొస్తుంటే, ఆ వేలిని నమ్మి యాభై గజాలు కొన్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆవిడ సామాన్ల రిక్షాలోంచి దిగి నాలుగు వైపులా చూసి, "ఏటండీ, ఇక్కడ మనుసులే ఉంతారా, నక్కలు కూడానా?" అంది.

మాతో కలిపి ఆరిళ్లు. వెదురు కర్రల మీదుగా లాక్కొచ్చిన కరెంటు తీగ, ఇంటికో చేతిపంపు, ఎదురుగా ఆవపూల చేను. వీధికి పేరు లేదు, ఇంటికి నంబరు లేదు. పార్సిల్ వస్తే గట్టు మీద నిలబడి ఫోన్లో అరుచుకోవడమే. పక్క ప్లాటు గోడ లేపడానికి అందరం ఇటుకలు మోసేవాళ్లం. ఇవాళ మనం వెళ్లకపోతే రేపు మన గోడకి ఎవడూ రాడు.

వెళ్లిన మొదటి చలికాలంలోనే ఒక మేస్త్రీ వేలు తెగింది. కడిగి, కట్టు కట్టాను. "మీరెవరు సాబ్?" అన్నాడు. మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ని అన్నాను. అంతే, మర్నాటికి నేను డాక్టర్ సాబ్. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఇరవై ఏళ్లు డాక్టర్ల వెనక ట్రే పట్టుకుని నడిచినవాడికి ఆ పిలుపు ఎంత తీపిగా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. బీపీ మిషను కొన్నాను. సాయంత్రాలు వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ల చేతులు చాపించి బీపీ చూసేవాణ్ని. పెయింటరొకడు మా ప్రహరీ మీద నీలం రంగుతో బాణం గీసి "డాక్టర్ వాలీ గలీ" అని రాసేశాడు. డాక్టరుగారి సందు అన్నమాట. మొత్తం కాలనీకి అదే అడ్రసైంది.

యూనిట్లో ఉండగా టెంటు కింద ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. అమెరికాలో గుర్రబ్బళ్లు కట్టుకుని పడమటికి పోయి, ఎడారిలో పది చెక్క ఇళ్లు కట్టుకుని దాన్ని ఊరనుకునేవాళ్ల కథలు. ప్రతి ఊళ్లోనూ తోలుసంచీతో ఒక డాక్టరుండేవాడు. ఆయన ఎక్కడ చదివాడని ఏ సినిమాలోనూ ఎవరూ అడగరు. మాదీ అలాంటి ఊరే అని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

మా ఆవిడ మాత్రం వదిలేది కాదు. "డాక్టరు కాదని ఒక్కపాలి సెప్పేస్తే మీ సొమ్మేటి పోతాది?"

"చెబుదాంలే" అనేవాణ్ని.

ఎదురింట్లో గోరఖ్‌పూర్ వైపు నుంచి వచ్చిన అత్తాకోడళ్లుండేవారు. కొడుకు నోయిడాలో ఫ్యాక్టరీ పని, వారానికోసారి వచ్చేవాడు. కోడలికి ఎనిమిదో నెల నిండింది. నన్ను ఆ పిల్లొక్కతే అంకుల్ అనేది. ఒక సాయంత్రం అత్తగారు ఆమెని వరండాలోకి తీసుకొచ్చింది. కాళ్లు పొంగి ఉన్నాయి, తలనొప్పి అంది. బీపీ చూశాను. నూటయాభై బై వంద. అనుమానం తీరక మళ్లీ చూశాను. అదే.

కడుపుతో ఉన్న మనిషికి ఆ అంకె అంటే ఏమిటో నాకు తెలుసు. తెలియదని ఈ రోజుకీ బొంకలేను. ఆ నిమిషమే ఆసుపత్రికి పంపాలి. కానీ అక్కడ ఎవరు చూశారని అడుగుతారు, ఏ డాక్టరని అడుగుతారు. ఈలోగా అత్తగారు, "ఇంట్లోనే తగ్గిపోతుంది కదా డాక్టర్ సాబ్?" అంది. నాకు తప్పించుకునే దారి చూపించడానికే అడిగినట్టనిపించింది.

"ఉప్పు తగ్గించి పడుకోమనండి. అంతా బాగానే ఉంది" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత వాన పట్టుకుంది. రెండు పగళ్లు, రెండు రాత్రులు కురిసి మూడో రోజు పొద్దున వెలిసింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు. నేను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉండగా అత్తగారు నీళ్లు తన్నుకుంటూ వచ్చింది.

"డాక్టర్ సాబ్, కోడలికి నొప్పులు మొదలయ్యాయి. కళ్ల ముందు మెరుపులంటోంది. జల్దీ రండి, మీరే కాన్పు చేసేయండి."

నేను జీవితంలో ఒక్క కాన్పు కూడా చూడలేదు. నా ఉద్యోగమంతా మగ సిపాయిల వార్డుల్లో గడిచింది. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏటలా నిలబడిపోనారు?" మా ఆవిడ వెనకనుంచి నన్ను ముందుకు నెట్టింది. "మీకొచ్చిన పని సెయ్యండి. రాంది సెయ్యకండి."

అంబులెన్సుకి ఫోన్ చేస్తే గట్టు దాకా వస్తామన్నారు, ఇవతలికి రామన్నారు. అంటే ఆ కిలోమీటరు మాది. మోయడం నాకొచ్చు. వాళ్లింట్లోని నులకమంచం బయటికి తీయించి పిల్లను ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టాను. వానకి కాలనీలోనే చిక్కుకుపోయిన మేస్త్రీ, పెయింటరు, డీలరు, వాళ్లతో పాటు నేను తలో కోడూ పట్టుకున్నాం. డీలరు భుజానికెత్తబోతే అత్తగారు కేక వేసింది. నలుగురి భుజాల మీద మంచం ఎలా కనిపిస్తుందో అందరికీ తెలుసు. నడుం ఎత్తులోనే పట్టుకున్నాం.

సైన్యంలో ప్రతి పనికీ అడుగు కలపమంటారు. స్ట్రెచర్ మోసేటప్పుడు మాత్రం అడుగు కలపొద్దంటారు, కలిస్తే ఊగుతుంది. ముందున్న వాళ్లు ఎడమ కాలు వేస్తే వెనక వాళ్లు కుడికాలు వెయ్యాలి. నీళ్ల కింద ఎక్కడ గొయ్యుందో, ఎక్కడ ఇటుకుందో తెలియదు. నేను లెక్కపెట్టి అరుస్తుంటే నలుగురం నడిచాం. మా ఆవిడ పిల్ల తల పట్టుకుని పక్కనే వచ్చింది.

సగం దూరం పోయేసరికి పిల్ల ఒళ్లు బిగుసుకుంది. కళ్లు తేలేసింది. నోట నురగ. డీలరు ఒక చేత్తో జేబులోంచి తాళాలు తీసి ఆమె గుప్పిట్లో పెట్టబోయాడు. "ముట్టుకోవద్దు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఆవిడ ఆమెని పక్కకే పట్టుకుని నోరు తుడుస్తుంటే, కొట్టుకోవడం ఆగేదాకా నీళ్లలో మంచం ఎత్తిపట్టుకుని నిలబడ్డాం. ఎంతసేపో తెలియదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానన్న మాటొక్కటే నా బుర్రలో తిరిగింది.

అంబులెన్సులో కొందరం, వెనక ఆటోలో కొందరం ప్రభుత్వ ఆసుపత్రి చేరాం. అక్కడ డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "ఇంతకుముందు మూర్ఛ ఉందా? ఎప్పుడైనా బీపీ చూపించారా?" అని గబగబా అడిగింది.

అత్తగారు తడి చీర పిండుకుంటూ ఎంతో నమ్మకంగా నావైపు చూపించింది. "మా డాక్టర్ సాబ్ నాలుగు రోజుల కిందటే చూశారు. అంతా బాగుందన్నారు."

అవునంటే సరిపోయేది. మేస్త్రీ, పెయింటరు, డీలరు అందరూ నా మొహమే చూస్తున్నారు. మా ఆవిడ చూపు నేల మీద ఉంది.

"బాగాలేదు మేడమ్. నూటయాభై బై వంద. కాళ్ల వాపు, తలనొప్పి. మూర్ఛ రోగం ఉందని ఎప్పుడూ వినలేదు" అన్నాను. "నేను డాక్టర్ని కాదు. నర్సింగ్ అసిస్టెంట్ని."

డాక్టరమ్మ నన్ను ఒక్క క్షణం చూసింది. తిట్టడానికి ఆమెకి టైము లేదు. నర్సుకి ఇంజక్షన్ పేరు చెబుతూ స్ట్రెచర్ వెంట పరిగెత్తింది. అత్తగారు మాత్రం నన్ను చూస్తూనే ఉండిపోయింది. సాయంత్రం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లి రెండు రోజుల తర్వాత కళ్లు తెరిచింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే సున్నం కలిపి ప్రహరీ మీద రాత చెరిపేశాను. రెండు రోజులు గ్యాస్ బండలు, పార్సిళ్లు, చుట్టాలు అందరూ గట్టు దగ్గరే ఆగిపోయారు. మూడో రోజు పెయింటరు నన్ను అడక్కుండానే మళ్లీ రాసేశాడు. "గలీ పేరు కదా సాబ్, మీ పేరు కాదు" అన్నాడు. అత్తగారు మాత్రం నెలన్నర నాతో మాట్లాడలేదు. మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మొహం అటు తిప్పుకునేది. ఆవిడ తిప్పుకోకపోతేనే నాకు భరించడం కష్టమయ్యేది.

ఆ పిల్లే ముందు వచ్చింది. ఒక సాయంత్రం పాపని తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టి, పక్క కుర్చీలో కూర్చుంది. మిషను తీయమన్నట్టు చెయ్యి చాపింది. నేను తీయలేదు. ముందు క్షమించమని అడుగుదామనుకునేలోగా తనే మాట్లాడింది.

"అంకుల్" అంది. కోపంగా కాదు, వంటింట్లో మామూలుగా చెప్పుకునే మాటలా అంది. "ఆ రోజు హాస్పిటల్‌కి పొమ్మని మీరు ఒక్క మాటంటే మా అత్తగారు వెంటనే తీసుకెళ్లేది. మీరు డాక్టరైనా కాకపోయినా, మీ మాటంటే ఆవిడకి అంత నమ్మకం."

పాప నా వేలు పట్టుకుని నిద్రపోతోంది. "అవునమ్మా" అన్నాను.