కోడి కాళ్ళ నెమలి

ఆ రోజుల్లో నాకు నా కుంచె మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. తమిళనాట మా ధర్మపురి చుట్టుపక్కల లారీల వెనకా, చికెన్ కొట్ల బోర్డుల మీదా, ఎన్నికల గోడల మీదా నా చేతి బొమ్మలే ఉండేవి. ఇంతలో ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. గంటలో మిషను నిలువెత్తు నాయకుణ్ణి దించేస్తుంటే, ఆయన మీసాలకే ఒక పూట తీసుకునే నన్నెవరు పిలుస్తారు? అలా ఖాళీగా ఉన్నప్పుడు నల్లంపల్లి దగ్గర క్వేకర్లు నడిపే చిన్న బడిలో, వాళ్ళ ప్రార్థన హాలుకు సున్నం కొట్టే పని దొరికింది. (క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. అక్కడ పాస్టరు లేడు, పాట లేదు, పటం లేదు. ఆదివారం గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట తన్నుకొస్తే లేచి చెబుతారు, అంతే. మా అమ్మకిది అస్సలు నచ్చలేదు. "సుమ్మా, ఊరికే కూర్చునేదానికి అంత దూరం ఎందుకురా, ఇంట్లో నువ్వు చేసేదీ అదే కదా!" అన్నది.)

ఆ బడికి డ్రాయింగ్ మాస్టరు కావాలని తెలియగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆ ఉద్యోగం దొరక్కపోతే మామ సిమెంటు కొట్లో మూటలు మొయ్యాల్సిందే. నా పనితనం ఒక్కసారి చూపిస్తే చాలనుకుని, ఒక ఆదివారం వాళ్ళ మధ్య లేచి నిలబడి, "ఈ తెల్లగోడ మీద మంచి బొమ్మ ఒకటి వేసేదా?" అని అడిగాను. పదకొండు మందీ కళ్ళు మూసుకున్నారు. పది నిమిషాలు చూశాను. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. పదకొండు అర్ధాంగీకారాలంటే అయిదున్నర అంగీకారాలు, ఇంకేం కావాలి? పిల్లిలా బయటికి జారుకున్నాను.

హాలు తాళంచెవి నా దగ్గరే ఉంది. తలుపులు మూసుకుని వారమంతా వేశాను. హొగెనకల్ జలపాతం, తామరలు, ఉదయించే సూర్యుడు, మధ్యలో పురివిప్పిన నెమలి. కింద మూలన నా పేరు. (మూలన అన్నానే గానీ రోడ్డు మీదినుంచి కూడా చదవచ్చు.)

ఆదివారం వచ్చారు, చూశారు, కూర్చున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. మొదటి పది నిమిషాలు మాటలు రావడం లేదేమో పాపం అని మురిసిపోయాను. అరగంటకి చెమట పట్టింది. వేరే దిక్కు లేక నేనూ నా బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో ఏ బొమ్మనూ అంతసేపు చూడలేదు. అప్పుడు కనపడ్డాయి ఆ కాళ్ళు. చికెన్ కొట్ల బోర్డులకు అలవాటుపడ్డ చెయ్యి కదా, నెమలికి బలిసిన కోడి కాళ్ళు పెట్టేసింది! ఒకసారి చూశాక ఇక కళ్ళు తిప్పుకోవడం నా వల్ల కాలేదు. ఇక ఆగలేక లేచి, "నెమలికి కోడి కాళ్ళు వేసినాను. నా పేరే అన్నిటికన్నా పెద్దగా రాసుకున్నాను. తప్పయిపోయింది," అని కూలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వుంటే బాగుండునని ఏడుపొచ్చింది.

గంట అయ్యాక, వాళ్ళ పద్ధతి ప్రకారం, అందరూ చేతులు కలిపారు. సభ నడిపే టీచరమ్మ మా తెలుగువాళ్ళ ఆడబిడ్డే. నా దగ్గరికొచ్చింది.

"ఆ పొద్దు నువ్వు అడిగినదాని గురించే కదరా మేము కండ్లు మూసుకొని ఆలోచిస్తా ఉండింది. కండ్లు తెరిచేలోపల యాడికి పోయినావు?"

"మీరు సరే అన్నారనుకున్నానమ్మా. రేపే సున్నం కొట్టేస్తాను."

"కొట్టమని నీకు ఎవరన్నా చెప్పినారా?"

"లేదమ్మా. ఎవరూ చెప్పకనే వేసినాను, ఎవరూ చెప్పకనే కొడతాను."

నా ఉద్యోగం సంగతి తేల్చడానికి మరుసటి ఆదివారం మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఈసారి లేచిపోలేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా చివరిదాకా కూర్చున్నాను. చివర టీచరమ్మ, "తన తప్పు తానే చూసినోడు పిల్లోళ్ళకు చూసేది నేర్పిస్తాడు. రేపటినుంచి వచ్చేయప్పా," అన్నది.

అలా వచ్చినవాణ్ణి ఇక్కడే ఉండిపోయాను. ప్రతి ఆదివారం ఆ గోడకెదురుగానే కూర్చుంటాను. వానలు పడి గోడ చెమ్మగిల్లినప్పుడు సున్నం కింద నీలి మెడ ఒకటి మసగ్గా తేలుతుంది, దాని కింద ఆ దిక్కుమాలిన కోడి కాళ్ళు. ఇంకో పూత వేస్తే కనపడదు. వెయ్యమని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్ళీ అందరూ కళ్ళు మూసుకుంటారేమోనని భయం.