వీలు చూసుకుని చేయించుకుంటే మంచిదండి

మస్ట్ అంటే చేసి తీరాలి. హ్యావ్ టు అంటే ఇష్టం ఉన్నా లేకపోయినా తప్పదు. షుడ్ అంటే చేస్తే మంచిది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠమే ఇది. "డాక్టరు రాసిన మందు వేసుకోవడం మస్టా, షుడ్డా?" అని అడిగి, తడబడినవాళ్ళను నిలబెట్టేదాన్ని కూడా. ఆ గొప్ప తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మాది నరసాపురం, అమ్మది లేసు పని. దారం మసగ్గా కనిపిస్తోందంటే పోయినేడు జనవరిలో రాజమండ్రి తీసుకెళ్ళాను. కంటి డాక్టరుగారు మహా మర్యాదస్తులు. చుక్కల మందు రాసిచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని, "నీటికాసులండి, గ్లకోమా అంటారే, అదండి. కుడి కంట్లో ఒత్తిడి బాగా ఉందండి. కాస్త త్వరగా వీలు చూసుకుని ఆపరేషన్ చేయించుకుంటే మంచిదండి," అన్నారు. "అలాగేనండి," అన్నాం.

మా వైపు పెద్దవాళ్ళతో "చేయించుకోవాల్సిందే" అని ఎవరంటారు? అన్నానికి పిలిచినా "రెండు ముద్దలు తింటే బాగుంటుందండి" అంటాం. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, నేను ఆయన మాటను ఉత్త సలహాగానే తీసుకున్నాను. పైగా బడిలో నా పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి. వేసవి సెలవుల్లో చూద్దాంలే అనుకున్నాను.

మే నెలలో వెళ్ళేసరికి కుడి కంటి చూపు పోయింది. ఇక తిరిగి రాదన్నారు. "గట్టిగా చెప్పాల్సిందండి నేను," అని డాక్టరుగారు తలదించుకున్నారు. ఆయన మీద కోపం వచ్చింది. నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. "ఆయన అంత చెబితే నాకు అర్థం కాలేదమ్మా," అన్నాను.

అమ్మ నా జుట్టు సవరిస్తూ, "నాకు అర్థమైందే. చెప్పినంతసేపూ ఆయన నా చెయ్యి వదిలితేనా! కానీ నువ్వు సెలవు పెడితే నీ పిల్లల పరీక్షలేం కాను? అందుకే ఊరుకున్నాను," అంది.

ఒళ్ళు మండిపోయింది. "నాతో ఒక్క మాట అనకూడదా?" అని అరిచాను.

"అరవకే. అందరూ పాసయ్యారుగా," అంది అమ్మ.

ఎడమ కన్ను ఇంకా బాగానే ఉంది. రోజూ రెండు పూటలా అందులో చుక్కలు నేనే వేస్తాను. "ఈ వరస అల్లేసి వస్తానే, కాసేపాగు," అంటుంది అమ్మ.

ఆగను.