పలమనేరుకు తీసుకెళ్ళిన మామిడి సొన

వాసన సబ్బు వద్దు. పౌడరు, తలనూనె వద్దు. ముందురోజు రాత్రి నుంచి ఉల్లిపాయ తినకూడదు, పొద్దున కాఫీ తాగకూడదు. అగరుబత్తి వెలిగించిన గదిలో ఆరేసిన చొక్కా వేసుకోకూడదు. ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఇవన్నీ రాసుకుంటుంటే అవతలి నుంచి పలమనేరాయన ఇంకొకటి చేర్చాడు: "బస్సులో పూలబుట్ట పక్కన కూర్చోబాకప్పా."

తిరుపతిలో బస్సెక్కేవాడికి ఈ చివరి నియమం పాటించడం ఎంత కష్టమో పలమనేరులో ఉండే మనిషికి ఏం తెలుసు? చిత్తూరు దాకా నిలబడే వెళ్ళాను.

ఆయన బెంగళూరులో ఒక అగరుబత్తి కంపెనీకి చాలా ఏళ్ళు సెంట్లు కలిపి, సొంత ఊరికి తిరిగొచ్చి, ఇంట్లోనే అత్తర్లు చేసుకుంటున్నాడు. మా జిల్లాలో అలా ఎవరికి వారు సొంతంగా సెంట్లు కలిపేవాళ్ళు ఇంకొందరున్నారు. అందరం సరుకు కొనేది తిరుపతిలో ఒకే కొట్టులో. ఒకరి సంగతి ఒకరికి చెప్పింది ఆ కొట్టాయనే. శని, ఆదివారాలు తన ఇంట్లో కలుద్దామని పలమనేరాయన పిలిచాడు. అక్కడ చలువ కాబట్టి కాగితం మీద వేసిన సెంటు త్వరగా ఎగిరిపోదట.

నేనప్పుడు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో శాంపిళ్ళు పరీక్షించేవాణ్ణి. సాయంత్రాలు గదిలో సెంట్లు కలిపేవాణ్ణి. ఆ ఉద్యోగం మానేసి ఇదే పని చేసుకుంటానని అంటే మా నాయన కోప్పడలేదు, ఒక షరతు పెట్టాడు. "ఆడికి ముక్కున్నోళ్ళు వస్తారంటివి గదా. నువ్వేం చెప్పకుండానే వాళ్ళల్లో ఒక్కరన్నా నీ సీసా వాసన చూసి మామిడి అంటే, నేను అడ్డం రాను."

ఆ సీసాలో ఉన్నది మామిడి సొన. పండు వాసన కాదు. బెంగుళూరా రకం మామిడికాయ తొడిమ విరవగానే చివ్వున చిమ్మే జిగురు వాసన: ముందు ఘాటు, వెనక పులుపు, ఆ తర్వాత పచ్చి ఆకు. చిత్తూరు దగ్గర మా తోటలో కోతలప్పుడు ఊపిరంతా అదే. దాన్ని తయారుచేయడంలో చిక్కేమిటంటే, అందులోని పదార్థాలన్నీ తేలికైనవి, చూస్తుండగానే ఎగిరిపోతాయి. వాటిని పట్టి ఉంచడానికి అడుగున బరువైనది ఒకటి కావాలి. నేను మస్క్ వాడాను, అంటే కృత్రిమ కస్తూరి. కొట్టాయన ఇచ్చిన మస్క్‌కు పెద్దగా వాసన లేదు. మామిడిని కప్పేయదు, మంచిదే అనుకుని ధారాళంగానే పోశాను.

పలమనేరులో మేం కూర్చున్న గదిలో దేవుడి పటం కూడా లేదు. పటం ఉంటే అగరుబత్తి, అది ఉంటే పొగ. సీసాలకు పేర్లుండవు, అంకెలే. ఒక్కో సీసాలో కాగితం పట్టీలు ముంచి అందరికీ ఇస్తారు. తయారుచేసినవాడు నోరు విప్పకూడదు. ఒక సెంటుకూ ఇంకో సెంటుకూ మధ్య ముక్కు తేరుకోవడానికి ఎవరి మోచేతి మడత వాళ్ళు వాసన చూసుకోవాలి. పెద్దపెద్దవాళ్ళందరూ వరసగా కూర్చుని సొంత మోచేతుల్లోకి ముక్కులు దూర్చడం చూసి మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నేనూ దూర్చాను. నిజంగానే పనిచేస్తుంది.

నా సీసా వంతు వచ్చింది. తిరుచానూరు నుంచి వచ్చిన పెద్దాయన, గుడి వీధి కొట్లకు అత్తర్లు వేసేవాడు, పట్టీని ఒకసారి ఊపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సాకలి మూట," అన్నాడు.

చిత్తూరు నుంచి వచ్చిన ఒకావిడ, అందరం అక్క అనేవాళ్ళం, నవ్వింది. ఆమె వాళ్ళ కిరాణా కొట్టు వెనక గదిలో తలనూనెలు, సీకాయ పొడి చేసి అమ్మేది. "మూట కాదులే పెద్దాయనా, ఉతికి ఆరేసినాక. మంచి సబ్బే. దండిగా పోసినారు."

"సబ్బా? ఇందులో సబ్బు యాడుండాది?" అనేశాను. మాట్లాడకూడదన్న నియమం అక్కడే పోయింది.

"ఓహో, ఈ అబ్బోడిదా!" అన్నాడు పెద్దాయన. "ఏం చేద్దామనుకుంటివప్పా?"

"చెప్పను," అన్నాను. చెబితే నాయన షరతు చెల్లదు. సీసాలు తారుమారయ్యాయేమోనని పట్టీ తీసుకుని చూశాను. తారుమారు కాలేదు. సొన వాసన తప్ప ఇంకేమీ లేదు.

పలమనేరాయన నా మొహం చూసి, లోపలికి వెళ్ళి మూడు పట్టీలు తెచ్చాడు. "ఒకదాంట్లో అచ్చంగా మస్కుండాది. రెండు ఖాళీ. ఏదో చెప్పు."

మూడూ ఉత్త కాగితాలే. ఒకటి చూపించాను. తప్పు. ల్యాబ్‌లో ఒక్క ఫలితాన్ని ఎవరూ నమ్మరు, కాబట్టి కలిపి మళ్ళీ ఇమ్మన్నాను. మళ్ళీ తప్పాను. ఆ తర్వాత సరిగ్గా చెప్పాను గానీ అది గుడ్డిదెబ్బ అని నాకే తెలుసు.

"నీకు మస్కు తెలీదు. సబ్బుల్లో వాసనకు ఏసేది అదే," అన్నాడాయన. "చానామందికి తెలీదులే. నీ ముక్కుకు ఆడొక బొక్కుండాది."

వాసన తెలియనివాడు సెంట్లు చేస్తానని ఉద్యోగం మానడం ఏమిటి?

"అట్ల మొగం పెట్టబాక తమ్ముడూ," అంది అక్క. "వయొలెట్ పూల సెంటని అమ్ముతారే, నాకది నీళ్ళతో సమానం. నా పిల్లోళ్ళకు తెలుస్తాది, నాకు తెలీదు."

"నాకట్లాంటివేం లేవు," అన్నాడు పెద్దాయన. పలమనేరాయన వెంటనే కృత్రిమ గంధాలు ఒకదాని వెంట ఒకటి అందించాడు. మూడోదాని దగ్గర పెద్దాయన పట్టీని తిప్పి, మళ్ళీ తిప్పి, "దీన్ని ముంచడం మర్సినావు," అన్నాడు. గదంతా ఘొల్లుమంది.

ఇక సీసాలు పక్కకు పోయాయి. ఎవరికి ఏది తెలియదో కనిపెట్టడమే ఆ సాయంత్రం మా పని. నా బాధ ఎప్పుడు పోయిందో గుర్తులేదు. ఒకే గాలి పీల్చుకుంటూ ఇంతమందిమి ఇన్ని వేర్వేరు గదుల్లో ఉన్నామా అన్న ఆశ్చర్యమే మిగిలింది.

ఆదివారం పొద్దున, ముక్కులు తాజాగా ఉన్నప్పుడు, కిటికీ పక్కన కూర్చుని సొనను మొదటినుంచి కలిపాను. అక్క పక్కనే ఉంది. మస్క్ చుక్క చుక్కగా వేస్తుంటే ఆమె పట్టీ చూసి తల ఊపేది. నేననుకున్న దానికి చాలా ముందే, "చాలు, ఆపు," అంది. నాకైతే ఏ తేడా తెలియలేదు. ఆమె మాట మీద ఆపాను.

పట్టీ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన వాసన చూసి, పట్టీని చొక్కాకు దూరంగా పట్టుకున్నాడు.

"మామిడి సొన గదప్పా ఇది! గుడ్డకు తగిలితే మరక పోదు."

ఆ రాత్రికి ఇంటికి చేరి రెండు సీసాలూ నాయన ముందు పెట్టాను, జరిగిందంతా చెప్పాను. ఆయన ముందు పాత సీసా మూత తీసి చాలాసేపు వాసన చూశాడు.

"దీనికేమొచ్చిందిరా? కాయ ఇరిసినట్టే ఉండాది. సబ్బంట, సబ్బు! వాళ్ళకే ముక్కుల్లేవు."

లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఎవురది? సబ్బు వాసన లోపలిదాకా కొడతా ఉండాది. ఇంత రాత్రిలో ఏం ఉతకతా ఉండారు?"

నాయన తన చేతిలోని సీసా వైపు చూశాడు, తర్వాత నా ముక్కు వైపు. మూత బిగించి నా చేతికిచ్చాడు.

"మాట మాటే. ఉద్యోగం మానుకో," అన్నాడు. "అయితే ఆ చిత్తూరమ్మ వాసన సూడకుండా ఒక్క సీసా కూడా బయటికి పోగూడదు. నన్ను మాత్రం అడగబాక."