నా తరఫున మాట్లాడినవాడు

పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టినదాన్ని జెడ్డాలో ఒకరింట్లో గిన్నెలు తోమానంటే, వినేవాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఆ జాలి నాకక్కర్లేదు. కిరీటం పెట్టుకునే రోజుల్లో కూడా నేను తిన్న కంచం నేనే కడుక్కున్నాను. జాతరల్లో మా పద్యాల చోటు రికార్డింగు డాన్సులు ఆక్రమించాయి. గొంతు మిగిలింది, వినే చెవులు మిగల్లేదు. మా గోదావరి జిల్లాల ఆడవాళ్ళు చాలామంది ఎక్కిన విమానమే నేనూ ఎక్కాను. అందులో ఏడవాల్సింది ఏమీ లేదు. నన్ను ఏడిపించింది ఒక పోలీసు.

పోలీసు అనే అంటాను. ఆయన పేరు నా నోటితో పలకడం మానేశాను. అప్పట్లో కడప వైపు ఒక స్టేషన్లో కానిస్టేబులు. వాళ్ళ సీమలో జాతరలకి మా బృందం వరసగా మూడేళ్ళు వెళ్ళింది, మూడేళ్ళూ బందోబస్తు ఆయనే. పద్యనాటకానికి ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అని కేకేస్తారు. అప్పటికి రాణి మూర్ఛపోయి పడివున్నా సరే, లేచి, పైట సర్దుకుని, అదే పద్యం మళ్ళీ అందుకోవాలి. ఆ కేక వేసేవాళ్ళలో లాఠీ చంకలో పెట్టుకున్న ఈయన కూడా ఉండేవాడు. ఆయన్ని చూసి హార్మోనియం వాయించే పెద్దాయన, "ఈ పోలీసు నీ పాటకే అరెస్టయిపోయాడమ్మా" అని నన్ను ఉడికించేవాడు. నిజమే. నేనూ అయ్యాను. పెళ్ళి చేసుకుంటానన్నాడు, నమ్మాను.

మూడో ఏడు, ఆ ఊరి పెద్దమనిషి బావమరిది తాగి మా మేకప్ గదిలోకి వచ్చాడు. చెంప పగలగొట్టాను. పొద్దున్నే స్టేషన్ కి వెళ్ళి కంప్లయింటు చెప్పాను. ఎస్సై ఈయన్ని పిలిచి, నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఏం జరిగింది, ఈమె నీకు తెలుసా అని అడిగాడు. ఆయన అటెన్షన్లో నిలబడి, గోడకేసి చూస్తూ, "నాకేమీ తెల్దు సార్. నాటకాలామె అంట" అన్నాడు.

ఆ 'అంట' ఎన్నేళ్ళో నా చెవిలో మోగింది. మరుసటి ఏడాదికి ఆయనకి పెళ్ళయిందని విన్నాను. ఆ తర్వాత ఇక సీమ ఆటలు ఒప్పుకోలేదు.

జెడ్డాలో షరఫియా అని ఒక పేట ఉంది. మన దుకాణాలు, మన హోటళ్ళు, మన దర్జీలు. శుక్రవారం వస్తే అక్కడ అన్ని జిల్లాల తెలుగూ వినపడుతుంది. మా మేడమ్ మనిషి మంచిది. వారం విడిచి వారం, శుక్రవారం సాయంత్రం నన్ను వదిలేది. అలా వెళ్ళిన ఒక శుక్రవారం హోటల్లో దోసె తింటుంటే, వెనక బల్ల దగ్గర ఎవరో సర్వరుతో చట్నీ గురించి ఉర్దూలో తగువు పెట్టుకున్నారు. ఉర్దూ ఎవరిదైనా, ఆ గొంతు నాది. అంటే, ఒకప్పుడు నాదనుకున్నది.

తలంతా నెరిసింది. సెక్యూరిటీ యూనిఫాం వేసుకున్నాడు. నా బల్ల దగ్గరకొచ్చి నిలబడి, "గుర్తుపట్టినావా?" అన్నాడు.

"ఎవరండీ మీరు? నాకేమీ తెలీదండీ" అన్నాను. ఎన్నేళ్ళుగానో దాచుకున్న డైలాగు. బాగా పండింది.

ఆయన తల దించుకున్నాడు. "తిట్టు. ఇంగా తిట్టు. నువ్వు తిడతావనే ఇన్నేండ్లూ ఎదురుసూచ్చాండా."

తిట్టాను. దోసె చల్లారిపోయేదాకా తిట్టాను. ఏదో సస్పెన్షన్ గొడవలో ఉద్యోగం పోయిందట. భార్య పోయిందట. కూతురు పెళ్ళయి సుఖంగా ఉందట. ఇక్కడ ఒక కాంపౌండు గేటు దగ్గర కాపలా. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఏడుపు నటిస్తే నేను పట్టుకోగలను, ఎంతైనా నా వృత్తి అది. ఆ ఏడుపు నిజమే. మనసు వెర్రిది కదా, ఈసారి 'వన్స్ మోర్' అని కేకేసింది నేనే.

ఆ ఏడాది నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అబద్ధమవుతుంది. సముద్రం ఒడ్డున బెంచీ మీద మధ్యలో ఒక సంచీ పెట్టుకుని, ఒకరికొకరం ఏమీ కానట్టు కూర్చునేవాళ్ళం. సన్నగా పద్యం పాడమనేవాడు. పాడితే వేళ్ళతో మోకాలి మీద తాళం వేసేవాడు, అదీ తప్పుగానే.

దుకాణానికి వెళ్తే ఆయనలో పాత పోలీసు లేచేవాడు. నన్ను వెనక్కి నిలబెట్టి, ఛాతీ విరుచుకుని, అరబీలో బేరం మొదలుపెట్టేవాడు. "నువ్వేం మాట్లాడాకు. నీకు రాదు గదా, నేను సూసుకుంటా."

నాకు రాకపోవడమేమిటి! మేడమ్ పిల్లలు ముగ్గురినీ నేనే పెంచాను. వాళ్ళకి మాట వచ్చినప్పుడే నాకూ వచ్చింది. అర్థం తెలియని సంస్కృత సమాసాలు చెవితో పట్టి పేజీలకి పేజీలు అప్పజెప్పినదాన్ని, వంటింటి అరబీ ఒక లెక్కా? కానీ ఆయన అలా ముందు నిలబడటం నాకు బాగుండేది. నా కోసం ఒక మనిషి నలుగురిలో నోరు తెరిచి మాట్లాడుతున్నాడు. అందుకని రాని దానిలాగే ఉండిపోయాను. ఒకసారి రొట్టెలో వెల్లుల్లి వద్దు అని చెప్పబోయి, వెల్లుల్లి ఒక్కటీ చాలు అన్నట్టు ఏదో చెప్పాడు. దుకాణంవాడు నిజంగానే దండిగా వేసిచ్చాడు. కిక్కురుమనకుండా తిని, బాగుందండీ అన్నాను. ఆ రాత్రి మేడమ్ చంటిపిల్ల నా పక్కన పడుకోనని మొండికేసింది.

అప్పటికే నా ఒప్పందం గడువు దాటిపోయింది. ఇక్కడ మనల్ని పనికి తెచ్చుకున్న యజమానిని కఫీల్ అంటారు. ఆయన ఒప్పుకుని ఖురూజ్, అంటే దేశం విడిచే అనుమతి, ఇస్తేనే శాశ్వతంగా ఇంటికి వెళ్ళడం. మా కఫీల్ చెడ్డవాడు కాదు, కానీ ఇచ్చేవాడు కాదు. రంజాన్ వెళ్ళనీ అన్నాడు. మరదలి పెళ్ళి కానీ అన్నాడు. మేడమ్ కి నాలుగో కాన్పు కానీ అన్నాడు. నాకు కావలసినవి రెండే: ఖురూజ్, ఈయన. ఇద్దరం కలిసి వెళ్ళి, రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుని, మిగిలిన బతుకు తలుపు బార్లా తీసుకుని బతకాలి. అంతకు మించి ఆశపడలేదు.

"పనోళ్ళ ఫిర్యాదులు ఇనే ఆఫీసుంది. ఆడికి పోదాం" అన్నాడు ఆయన. "నేను పోలీసోన్ని. ఆఫీసుల్లో ఎట్ల మాట్లాడాల్నో నాకు తెల్సు. నీ తరఫున నేను మాట్లాడ్తా. నువ్వేమీ బయపడాకు."

ముందు మీ కఫీల్ తో కూడా ఒకమాట చెప్పి చూస్తానని మూడుసార్లు వచ్చి గేటు దగ్గర ఆయనతో మాట్లాడాడు. మూడోసారి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. వెళ్ళేటప్పుడు ఈయన చేతిలో ఖర్జూరం పెట్టె ఉంది. "మీ కఫీల్ మంచోడే" అన్నాడు. నా కోసం మంచి చేసుకుంటున్నాడనుకున్నాను. ప్రేమలో ఉన్నదానికి ఖర్జూరం పెట్టె ఖర్జూరం పెట్టెలాగే కనిపిస్తుంది.

ఆఫీసులో బల్ల అవతల ఒక కుర్ర అధికారి. ఇటు కఫీల్, నేను, మధ్యలో ఈయన. దుబాసీగా వచ్చానని చెప్పాడు. ఈమె నీకేమవుతుంది అని అధికారి అడిగాడు. ఈయన అరబీలో, ఏమీ కాదు, ఈమెను నేనెరగను, మా దేశం మనిషి కనుక సాయం వచ్చాను అన్నాడు.

మళ్ళీ అదే మాట. కానీ వెంటనే సర్దుకున్నాను. పెళ్ళి కాని ఆడదానితో పరిచయం ఉందని ఆ బల్ల ముందు ఎలా చెబుతాడు? నా మంచికే అన్నాడు. ఈ ఒక్కసారికీ ఆ మాట చెల్లు అనుకున్నాను.

అధికారి నన్ను చూసి ఏం కావాలో చెప్పమన్నాడు. నేను తెలుగులో ఈయనకి చెప్పాను. గడువు అయిపోయిందని, అడిగినప్పుడల్లా వాయిదా వేస్తున్నారని, ఇంకొక్క నెల కూడా ఉండలేనని, ఖురూజ్ కావాలని. స్టేజీ మీద మాట చెప్పినట్టు స్పష్టంగా చెప్పాను. ఈయన శ్రద్ధగా తల ఊపాడు. అధికారి వైపు తిరిగాడు.

"మాఫీ ముష్కిలా" అన్నాడు. గొడవేమీ లేదు అని. ఇంట్లో చిన్న మాట పట్టింపు వచ్చిందట, కోపంలో ఫిర్యాదు అన్నానట, ఇప్పుడు చింతిస్తున్నానట. కఫీల్ తండ్రిలాంటివాడట. ఇంకో రెండేళ్ళు ఇష్టపూర్వకంగా ఉంటానట.

ఆయన అరబీలో తప్పులున్నాయి. భావంలో ఏ తప్పూ లేదు. కఫీల్ తల పంకించాడు. ముందే విన్న పాఠం మళ్ళీ వింటున్నవాడిలా ఉన్నాడు. ఈయన నా వైపు తిరిగి, తెలుగులో, ఎంత మెత్తగా అన్నాడనుకున్నారు! "అంతా చెప్పినా. ఆలోచన చేచ్చామంటాండారు. కొన్నాళ్ళు ఓపిక పట్టాల్సి వచ్చాది. తల ఊపు."

కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. తల ఊపమన్నప్పుడు నా తల సగం ఊగిపోయింది కూడా. ఇంకొక్క క్షణం ఊరుకుంటే రెండేళ్ళు సంతకమయ్యేవి. బల్ల మీద చెయ్యి వేసి అధికారితో, "ఇస్మయీ!" అన్నాను. విను, అని.

గదిలో అందరూ ఒక్కసారి నావైపు చూసి, ఆ మీదట నవ్వారు. మగవాడితో అయితే ఇస్మా అనాలి. ఇస్మయీ అనేది ఆడదానితో. నేను ఆ భాషలో మాట్లాడింది మేడమ్ తోనూ ఆడపిల్లలతోనూ కదా, నాకు వచ్చినవన్నీ ఆడమాటలే. మీసాలున్న అధికారిని పట్టుకుని ఏమ్మా, ఇటు వినవే తల్లీ అన్నానన్నమాట. నవ్వితే నవ్వారు. నేను ఆపలేదు. అన్నం పెట్టమనే పిల్లలు ఎంత తిన్నగా అడుగుతారో అంత తిన్నగా, వచ్చిన ఆడమాటలతోనే అడిగాను. ఇతను చెప్పింది నా మాట కాదు. నా గడువు అయిపోయింది. నాకు మా ఇల్లు కావాలి. ఇంకేమీ వద్దు.

అధికారి నవ్వు ఆపి కాగితాలు తిప్పాడు. కఫీల్ ని ఒకటే అడిగాడు, గడువు అయిందా లేదా అని. అయింది అన్నాడు కఫీల్. అయితే ఖురూజ్ ఇచ్చెయ్యమని అధికారి కాగితం మీద రాశాడు. కఫీల్ అబద్ధమాడలేదు. ఆ గదిలో అబద్ధమాడింది నావాడొక్కడే.

బయట మెట్ల దగ్గర నా వెనకాలే వచ్చాడు. ఏమంటాడో అని నాకూ ఆత్రంగానే ఉంది. క్షమించమంటే ఏం చేయాలో కూడా అప్పుడే ఆలోచించుకుంటున్నాను, అంత వెర్రిదాన్ని. ముందు తన సంగతి చెప్పుకున్నాడు. తన కంపెనీ మూతపడుతోందట, మా కఫీల్ ఈయన ఇఖామాని, అంటే ఇక్కడ ఉండే అనుమతిని, తన పేరు మీదికి మార్చుకుంటానన్నాడట, నేను ఆ ఇంట్లో ఉంటేనేనట.

"రెండేండ్లే గదా. ఇద్దరం ఈడనే ఉందుము. నీ కోసరమే జేసినా."

"నన్నొక్క మాట అడిగారా?"

ముఖంలోకి చూశాను. సిగ్గు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. పెదవి వణుకుతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. మోసపోయినవాడి ముఖం అది. ఆ ముఖం నాకు తెలుసు, స్టేషన్ నుంచి వచ్చిన రోజు మేకప్ అద్దంలో చూసుకున్నాను.

"నీకు అరబీ వచ్చునా?" అన్నాడు. "ఇన్ని దినాలూ రాదన్నట్టు నా యెనకాల నిలబడితివే! నేను మాట్లాడతాంటే లోపల్లోపల నవ్వుకుంటాంటివా? నాకాడ గూడా నాటకమేనా? ఎంత మోసం జేస్తివే!"

నిజంగానే బాధపడ్డాడు. నటన అయితే నాకు తెలిసేది. నా రెండేళ్ళు అమ్మేసిన మనిషి, నేను వెల్లుల్లి గురించి దాచానని గుండె పగిలి నిలబడ్డాడు.

"అయ్యో, అది కాదండీ" అన్నాను. "మీరు నా కోసం మాట్లాడుతుంటే నాకు..."

అప్పుడు వినపడింది నాకు, నేనేం చేస్తున్నానో. సంజాయిషీ చెప్పుకుంటున్నాను. నేను. ఆయనకి. నోరు మూసుకుని మెట్లు దిగాను. ఆయన అక్కడే ఉన్నాడు, మిగతా మాట ఎప్పుడు చెబుతానా అని చూస్తూ.