నేను తిప్పిన ముల్లు

కొన్నేళ్లుగా ఒక పాపాన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పే ధైర్యం వచ్చింది.

మాది కడప పక్క. కువైట్‌లో, సబా అల్ సలేంలో, ఒక టర్కీ వాళ్ల ఇంట్లో పనిచేసేదాన్ని. అక్కడి పనివాళ్ల అలవాటుగా ఇంటాయన్ని బాబా అని, ఇంటామెను మామా అని పిలిచేదాన్ని. బాబా షుఐబాలో ఒక కంపెనీలో ఇంజనీరు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఎలిఫ్ నా చేతుల మీదే పెరిగింది. నన్ను అత్తా అనేది. నా తెలుగంతా దానికి వచ్చేసింది, మా యాసతో సహా.

ఆ పిల్ల కుస్తీ పట్టేది. బాబా ఒకప్పుడు కుస్తీ పట్టినవాడే. హాల్లో మ్యాట్ పరిచి తనే నేర్పాడు. సెలవులకు టర్కీ వెళ్లి పోటీల్లో గెలిచొస్తే, ఆ పతకం తెచ్చి ముందు నా మెడలో వేసేది. పదిహేడో ఏట టర్కీ దేశం జట్టు ఎంపికకు పిలుపొచ్చింది. ఎంపికైతే మామా కూతురితో అక్కడే ఉండిపోతుందని, బాబా కంపెనీ క్వార్టర్లకు మారతాడని అనుకున్నారు. ఇక నాతో పనేముంది? అంతకుముందు జహ్రాలో చేసిన ఇంట్లో నన్ను వంటింట్లో పెట్టి తాళం వేసేవాళ్లు, కొట్టేవాళ్లు. మళ్ళీ అలాంటి కఫీల్, అదే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని, చేతిలో పడితే? భయంతోనే చేశానంటే సగం నిజమే అవుతుందేమో. ఆ పిల్ల నన్ను వదిలి పైకి వెళ్లిపోవడం నాకు గిట్టలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కుస్తీలో బరువు మించితే బరిలోకి రానివ్వరు. ఎలిఫ్ రోజూ స్నానాల గదిలో బరువు చూసే మిషను ఎక్కి, ముల్లు చూసుకుని, ఆ లెక్కన తినేది. ఆ మిషను కింద ముల్లును సరిచేసే చిన్న చక్రం ఉండేది. రోజూ తుడిచేదాన్ని, నాకు తెలుసు. రెండు కిలోలు తక్కువ చూపించేలా వెనక్కి తిప్పాను. వాళ్లు టర్కీకి బయల్దేరగానే మళ్ళీ సరిచేసి పెట్టాను.

టర్కీకి వెళ్లాక అసలు బరువు బయటపడింది. ఉన్ని బట్టలు వేసుకుని, చెమట కక్కేదాకా పరుగెత్తిందట. కళ్లు తిరిగి పడిపోయిందట. అయినా బరువు దిగలేదు. ఒక్క పట్టు పట్టకుండానే తిరిగొచ్చింది.

బాబా నిలదీశాడు. రాత్రిళ్లు లేచి వంటింట్లో దొంగతనంగా తిన్నావన్నాడు. ఎలిఫ్ ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నేను తిన్లేదని నువ్వన్నా చెప్పు. నువ్వు నా దగ్గరే ఉంటివి కదా."

అది తెలుగులో అడిగింది. నేను అరబ్బీలో జవాబిచ్చాను, మామాకూ బాబాకూ అర్థం కావాలని.

"నాకు తెలీదు. నేను నిద్రపోయి ఉంటా."

ఛీ, నా నోరు పడిపోను! ఎలిఫ్ నా చెయ్యి వదిలేసింది.

ఆ తర్వాత అది మ్యాట్ మీద కాలు పెట్టలేదు. నిద్రలో లేచి నిజంగానే తిన్నానేమో అత్తా అని ఒకరోజు నాతోనే అంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాను.

మరుసటి ఏడు బాబా ఉద్యోగం పోయింది. వాళ్లు టర్కీకి వెళ్లిపోయారు, నేను ఇంకో ఇంటికి మారాను. దేని కోసం ఆ పిల్ల బతుకు పాడుచేశానో అదీ నాకు మిగల్లేదు. ఎలిఫ్ అక్కడ బట్టల దుకాణంలో చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, తిన్నావా అత్తా అని అడుగుతుంది. తిన్నానని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.

క్షమించమని ఎవర్నీ అడగను, ఆ మొహం నాకు లేదు. అది ఆ రోజు నన్నడిగిన ఒక్క మాట మాత్రం చెబుతున్నాను. ఎలిఫ్ తినలేదు. నేను మెలకువగానే ఉన్నాను, చూశాను. దొంగతనంగా ఒక్క మెతుకు కూడా తినలేదు.