నటించలేదు, చెప్పుకున్నాను

సముద్రంలోకి కట్టిన రావెన్‌షా రేవు వంతెన మీద ఆ రోజుల్లో చేయి చూసేవాళ్ళకి లోటు లేదు. ఒకావిడ తలకి పట్టుగుడ్డ చుట్టుకుని ఈజిప్టు రాకుమార్తెనంటూ కూర్చునేది. ఆవిడ పుట్టింది ప్రెస్టన్‌లో మాంసం కొట్టు పైన గదిలోనని మా అందరికీ తెలుసు. హిల్డా ఆర్మరాడ్ మాత్రం మామూలు గోధుమరంగు కోటు, నల్లటోపీతోనే వచ్చేది. 'శ్రీమతి ఆర్మరాడ్. చేయి చూసి జరగబోయేది చెబుతాను' అని బోర్డు రాయించుకుంది. వంతెన మీది ఆమె చెక్కగదిని ఆనుకునే నా గుల్లల బండి; ఉడకబెట్టిన గుల్లల మీద వెనిగర్ చల్లి అమ్మేదాన్ని.

"మేడమ్ జోరా అనో ఏదో పెట్టుకోరాదటే? గిరాకీ పెరుగుద్ది," అన్నానొకసారి.

"నాకు పేరుంది కదే ఆనీ. దాన్ని దాచుకునేంత పని నేనేం చేశాను?" అంది.

చిన్నప్పటినుంచీ బర్న్‌లీ నేతమిల్లులో పనిచేసిన మనిషి. మగ్గాల హోరులో పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడదు. అక్కడి ఆడవాళ్ళంతా పెదాల కదలిక చూసి మాట పట్టేస్తారు. హిల్డా ఇంకో అడుగు ముందుకేసి, పెదాలు కదలకముందే మనిషి మనసు పట్టేసేది. దూదిపొట్టుకి ఊపిరితిత్తులు చెడ్డాక, సముద్రపు గాలి పట్టమని డాక్టరు చెబితే మా ఊరొచ్చింది. చేయి చూడటం అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. గీతల్ని నమ్మేది, తనని అంతకన్నా ఎక్కువ నమ్మేది.

మిల్లులు మూసే సెలవుల వారంలో ఒక పడుచుపిల్ల ఆమె గదిలోకి వెళ్ళింది. బట్టల కొట్టులో పనిచేస్తున్నానని, పెళ్ళెప్పుడవుతుందో చెప్పమని అడిగింది. మధ్యలో ఒక చెక్కగోడే కాబట్టి నాకంతా వినపడుతూనే ఉంది.

"పెళ్ళా? నీ వేలికి ఉంగరం మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది తల్లీ. ఇందాకే తీసినట్టున్నావు. మీ ఆయన పోలీసు కదూ? పాలిష్ పెట్టి ఆయన కోటు ఇత్తడి బొత్తాలు తోమినట్టు నీ గోళ్ళే చెబుతున్నాయి."

ఆ పిల్ల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది.

"భయపడకు. మనిద్దరం త్వరలో కోర్టులో కలుస్తాం. ఇప్పటికి ఇంటికెళ్ళి టీ తాగు."

అదే ఆమె కొంప ముంచింది. జరగబోయేది చెబుతాననడం అప్పటి చట్టంలో నేరం, ఆ పిల్లని పంపింది పోలీసులే. అంతకుముందు చెప్పినవన్నీ జరిగిపోయినవి. ఆ ఒక్క మాటే జరగబోయేది. పోలీసులు దాన్నే పట్టుకుని కేసు పెట్టారు.

వంతెన మీద గదులు అద్దెకిచ్చే కంపెనీ వాళ్ళు పిలింగ్ అనే వకీలుని పంపారు. విచారణ రోజు కోర్టు వరండాలో నా ఎదుటే ఆయన హిల్డాకి నచ్చజెప్పాడు. "సరదాకి చేశానని చెప్పండమ్మా. ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను, అంతా ఉత్తుత్తిదే అనండి. మందలించి వదిలేస్తారు."

"అంటే నటించానని ఒప్పుకోమంటారు."

"మాట వరసకేనమ్మా!"

"నేను నటించలేదు బాబూ. ఇప్పుడు నటించినట్టు నటించమంటారా?"

ఆయన తల పట్టుకున్నాడు. హిల్డా మాత్రం టోపీ సరిచేసుకుని లోపలికి నడిచింది.

గుమాస్తా అభియోగం చదివాడు. భవిష్యత్తు చెబుతానని ప్రిటెండ్ చేసిన లేదా ప్రొఫెస్ చేసిన నేరం.

"అయ్యా, అందులో రెండున్నాయి. నేను చేసిందేదో చెప్పండి," అంది హిల్డా.

"రెంటికీ తేడా ఏముందమ్మా?" అన్నాడు మేజిస్ట్రేటు. పెద్దాయన, ప్రతి ఆదివారం ప్రార్థనమందిరంలో ముందు వరసలో కూర్చునే మనిషి.

"బోలెడుందయ్యా. లేనిది ఉన్నట్టు ఆడితే ప్రిటెండ్. ఉందనుకున్నదాన్ని నలుగురిలో నోరు తెరిచి చెప్పుకుంటే ప్రొఫెస్. ఆదివారం నాడు లేచి నిలబడి మీ విశ్వాసం చెప్పుకుంటారు చూడండి, అదీ రెండోది. నటిస్తున్నారని ఎవరైనా అంటే మీరూరుకుంటారా?"

కోర్టంతా నవ్వింది. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. గుమాస్తా లేచి, చట్టం రాసిన కాలంలో ప్రిటెండ్ అనే మాటకి కూడా హక్కుగా చెప్పుకోవడమనే అర్థం ఉండేదని, నటన అనే అర్థం తర్వాతి కాలంలో దాన్ని మింగేసిందని వివరించాడు.

"మరి ఒకే అర్థమైతే రెండు మాటలెందుకు నాయనా?"

"ఎవరూ సందులోంచి జారిపోకూడదనమ్మా."

"అదీ సబబే," అంది హిల్డా. "అయితే చెప్పుకున్నానని ఒప్పుకుంటాను. నటించానని మాత్రం ఒప్పుకోను. ఆ మాట కొట్టేయించండి."

"శిక్షకి ఒక్కటి చాలమ్మా," అన్నాడు మేజిస్ట్రేటు.

"శిక్ష వేసుకోండి. మాట కొట్టేయండి."

ఆయన గుమాస్తాకి తలూపాడు. మొదటి మాట కొట్టేశారు. జరిమానా వేశారు. హిల్డా అక్కడికక్కడే కట్టేసింది. బయట పిలింగ్ ఆమె చేయి పట్టుకుని ఊపాడు. "కేసు ఓడిపోయి ఇంత సంతోషపడ్డవాళ్ళని చూడలేదమ్మా!" అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆమె గది ముందు జనం బారులు తీరారు. వాళ్ళకి గుల్లలమ్మడంతో నాకు తీరిక లేకపోయింది.

తర్వాత యుద్ధమొచ్చింది. జనం అడిగేవి మారిపోయాయి. పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు పోయి, వాడు బతికున్నాడా అని అడిగేవాళ్ళొచ్చారు. ఈజిప్టు రాకుమార్తె అందరికీ బతికే ఉన్నాడనే చెప్పి పంపేది. ఒకరోజు ఎంట్విసిల్ అనే మిల్లు ఆవిడ వచ్చి హిల్డా ముందు చేయి చాపింది. ఆవిడ కొడుకెక్కిన ఓడ జాడ తెలియడం లేదు.

హిల్డా ఆ చేతి గీతలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. చెక్కగోడకి ఇవతల నేను వింటున్నాను.

"నాకు తెలీదు తల్లీ," అంది చివరికి.

"ఏదో ఒకటి చెప్పు. ఊరికే అయినా చెప్పు."

"ఊరికే చెప్పడం నాకు రాదు. రా, టీ తాగుదాం."

ఎంట్విసిల్ టీ తాగింది, ఏడ్చింది, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది. మర్నాడు హిల్డా స్టూలెక్కి తన బోర్డు తనే దింపేసింది. నేను పట్టుకోబోతే వద్దంది.

"అంత విద్యా మరిచిపోయావా ఏంటే?" అన్నాను.

"లేదే. వీళ్ళడిగేది నాకు వచ్చునని చెప్పుకున్నదాంట్లో లేదు. లేనప్పుడు బోర్డు ఉండకూడదు." అని కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, నా బండి వెనక్కి వచ్చింది. "వెనిగర్ ఎక్కడ పెట్టావ్?"

యుద్ధమయ్యాక కూడా ఆ బోర్డు మళ్ళీ ఎక్కలేదు. ఇద్దరం గుల్లలే అమ్మాం. పాత గిరాకీలు ఎవరైనా గుర్తుపట్టి, మీరు చేయి చూసేవారు కదా అని అడిగితే ఆమె దాచేది కాదు, నసిగేది కాదు.

"చూసేదాన్ని. బాగా చూసేదాన్ని," అని గుల్లల మీద వెనిగర్ చల్లి అందించేది.